బడులను కన్న బడి



వారసత్వ కట్టడం అనగానే మనకు కోట గుర్తొస్తుంది, గుడి గుర్తొస్తుంది, జమీందారుగారి దివాణం గుర్తొస్తుంది. బడి అంత తొందరగా గుర్తురాదు. వచ్చినా, ఫలానా మహానుభావుడు చదువుకున్న బడిగానే గుర్తొస్తుంది. ఆయనకు చదువు చెప్పిన మేష్టారు ఎక్కడ తయారయ్యారు, పాఠం చెప్పడం ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆ నేర్చుకున్న గదులు ఇప్పుడెలా ఉన్నాయి అని ఆరా తీసేవాళ్లు అరుదు. ఈ పూట ఆ గదుల గురించి మాట్లాడుకుందాం. మన ఊళ్లలో ట్రైనింగ్ స్కూలు అంటామే, ఆ ఉపాధ్యాయ శిక్షణాలయాల పాత భవనాల గురించి.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ట్రైనింగ్ స్కూలు భవనం విలువంతా దాని కమానుల్లో, స్తంభాల్లో వెతికితే దొరకదు. పక్కపక్కనే ఉండే రెండు గదుల్లో ఉంది అది. ఒక గదిలో పెద్దవాళ్లు కూర్చుని పాఠం ఎలా చెప్పాలో చదువుకుంటారు. రెండో గదిలో పిల్లలు కూర్చుని ఆ పాఠం వింటారు. ఈ గదిలోంచి ఆ గదిలోకి రాకపోకలు ఉన్నంతకాలం అది శిక్షణాలయం. అవి ఆగిపోయాయా, ఎంత అందంగా సున్నం వేయించినా మిగిలేది ఒక పాత మేడ. కాబట్టి కాపాడుకోవాల్సింది ఆ జతను.

ఎందుకంటున్నానో తెలియాలంటే మనం ఒకసారి రెండో గదిలోకి వెళ్లాలి. అక్కడ క్రిటిసిజం లెసన్ జరుగుతోంది. ట్రైనింగ్ అయిన మేష్టర్లకు ఈ మాట వింటే రిటైరయ్యాక కూడా కాస్త గుండె దడదడలాడుతుంది. ముందు బెంచీల మీద నాలుగో తరగతి పిల్లలు. వెనక గోడవారన తోటి శిక్షణార్థులు, వాళ్ల మధ్య నోటుబుక్కు పట్టుకుని లెక్చరరుగారు. నల్లబల్ల దగ్గర చెమటలు కక్కుతూ ఒక కుర్రాడు. పిల్లలకు వీపు తిప్పకుండా పక్కకు నిలబడి రాయాలి. రాసింది ఆఖరి బెంచీకి ఆనాలి. ప్రశ్న ముందు క్లాసంతటికీ వేసి, ఆ తర్వాత ఒకరి పేరు పిలవాలి. పేరు ముందు పిలిస్తే, తప్పించుకున్నాంరా అని మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. చార్టు పనిబడినప్పుడే తగిలించాలి, పనయ్యాక తీసెయ్యాలి. గంట కొట్టగానే పిల్లలు బయటికి పరుగెడతారు. కుర్రాడికి అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. వెనక కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి అతని పాఠంలో తప్పొప్పులు చెబుతారు.

ఇప్పుడు మనిషిని వదిలి గదిని చూడండి. బెంచీల వెనక అంత ఖాళీ దేనికి? చూసేవాళ్లు కూర్చోవడానికి. గది పొడవు ఒక మేరకు మించకుండా ఎందుకు ఆపారు? గొంతు చించుకోకుండానే మాట ఆఖరి వరుసకు చేరాలని. పెద్ద కిటికీలు పిల్లల ఎడమచేతివైపే ఎందుకు పెట్టారు? కుడిచేత్తో రాసేటప్పుడు చేతి నీడ పలక మీద పడకూడదని. బడి భవనాల గురించి పందొమ్మిదో శతాబ్దంలో రాసినవాళ్లు పట్టుబట్టి చెప్పిన సూత్రం ఇది. ఎడమచేత్తో రాసే పిల్లల సంగతి అప్పుడెవరికీ పట్టలేదనుకోండి. మన వైపు వచ్చేసరికి ఎండనూ వాననూ కూడా లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. అందుకని కప్పు ఎత్తు పెంచారు, వేడిగాలి పోవడానికి కప్పు కింద వెంటిలేటర్లు పెట్టారు, ఎండా జల్లూ గదిలోకి రాకుండా వరండా తిప్పారు.

ఇలాంటి గదిలో ఏడాదో రెండేళ్లో గడిపిన మేష్టారికి ఏ మారుమూల పల్లెకో పోస్టింగు వస్తుంది. అక్కడ ఉండేది తాటాకు పాక, లేదంటే రామాలయం అరుగు. అయితేనేం, తరగతి అంటే ఎలా ఉండాలో అతని కళ్లలో ఉంది. వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూసి పిల్లల్ని కూర్చోబెడతాడు. బల్లను మెరుపు కొట్టని వైపు నిలబెడతాడు. పొట్టివాళ్లను ముందుకు పిలుస్తాడు. ట్రైనింగ్ స్కూలు ప్లాను అలా ఊరూరికీ నడిచి వెళ్లింది. ఒక భవనానికి వారసత్వం అంటూ ఉంటే, అంతకు మించిన వారసత్వం ఏముంటుంది?

మన వైపు ఈ కథ మద్రాసులో మొదలైంది. 1854లో చార్లెస్ వుడ్ పేరు మీద వచ్చిన విద్యా తాఖీదు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే బళ్లు పెట్టమని చెప్పింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు వచ్చింది. అదే తర్వాత సైదాపేటకు మారి టీచర్స్ కాలేజీ అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఎం.ఏ. పూర్తిచేసి ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగంలో చేరాక కూడా, 1910లో ఎల్.టి. అనే ఉపాధ్యాయ శిక్షణ పట్టా కోసం సైదాపేటలో మళ్లీ బెంచీ మీద కూర్చున్నారు. తోటి విద్యార్థులకు ఆయన అక్కడ చెప్పిన మనస్తత్వశాస్త్ర పాఠాలు 1912లో ఒక చిన్న పుస్తకంగా వచ్చాయి. ఏటా సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, ఆయన పటానికి దండ వేస్తాం. ఆయన కూడా ఒకచోట విద్యార్థిగా కూర్చుని బోధన నేర్చుకున్నారన్న సంగతి మాత్రం ఆ రోజున ఎవరూ తలవరు.

రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీది ఇంకో రకం చరిత్ర. 1907లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. ఊళ్లో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు కోపం వచ్చింది. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి తీసేశారు, ప్రభుత్వ ఉద్యోగానికి పనికిరాడని ముద్ర వేశారు. ఆయన మరుసటి ఏడు బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడిపి జైలుకు వెళ్లారు. ఆ తర్వాత గ్రంథాలయోద్యమంలో, వయోజన విద్యలో జీవితమంతా గడిపారు. సర్కారు బళ్లో పాఠం చెప్పనివ్వని మనిషి, బడి మొహం చూడని పెద్దవాళ్ల చేత అక్షరాలు దిద్దించారు.

గుంటూరుకు వస్తే, లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో కవి గుర్రం జాషువా గారు కొన్నేళ్లు పనిచేశారు. అంటరానితనం పేరు చెప్పి బయట నిలబెట్టిన మనిషి, రేపటి పంతుళ్లకు పంతులై నిలబడిన చోటు అది. తెలుగునాట మిషన్ ట్రైనింగ్ స్కూళ్లు చాలా దళిత కుటుంబాలకు మొదటి జీతం ఉద్యోగం చూపించాయి. ఆ భవనాల్లో వాస్తుశిల్పం గొప్పగా ఉందా లేదా అన్నది తర్వాత మాట. వాటి గుమ్మం దాటడమే కొందరి జీవితాల్లో మలుపు.

ఆడవాళ్ల సంగతికి వస్తే, మద్రాసు బీచి రోడ్డులో గుండ్రటి గోడల ఐస్ హౌస్ మీలో చాలామంది చూసే ఉంటారు. 1840లలో అమెరికా నుంచి ఓడల మీద వచ్చిన మంచుగడ్డలు నిలవచేయడానికి కట్టిన భవనం. 1897లో వివేకానందుడు అక్కడ బస చేశారు. ఎక్కువమందికి ఆ రెండు సంగతులే తెలుసు. ఆ తర్వాత ఇంకొకటి జరిగింది. చిన్నతనంలోనే వితంతువైన సుబ్బలక్ష్మి గారు తన లాంటి బాలవితంతువులను చేరదీసి చదివించిన శరణాలయం ఆ ఐస్ హౌస్‌లో నడిచింది. తర్వాత లేడీ విల్లింగ్డన్ ట్రైనింగ్ కాలేజీ వచ్చాక, టీచరు ట్రైనింగ్ అమ్మాయిలకు అది హాస్టలు అయింది. ఇంట్లో ఒక మూలన కూర్చోమన్న పిల్లలు అక్కడ ఉండి చదువుకుని, టీచర్లయి బయటికి వచ్చారు. ఒక భవనానికి మూడు చరిత్రలుంటే మనకు రెండే గుర్తున్నాయి. గుర్తులేనిది టీచర్లకు సంబంధించినది.

ఇంతవరకు చెప్పినవన్నీ మనుషుల జ్ఞాపకాలు. వాటికి ఒక ఫలకం పెట్టొచ్చు, పెట్టాలి కూడా. కానీ ఇందాక చెప్పిన ఆ రెండు గదుల జత ఉందే, దానికి ఫలకం సరిపోదు. ఆ జతను ఒక దేశం ఎలా నిలబెట్టుకుందో చూడటానికి కాసేపు చాలా దూరం వెళదాం.

ఫిన్లండ్ మధ్యలో యువాస్క్యులా అని ఒక ఊరుంది. 1863లో అక్కడ ఒక ఉపాధ్యాయ శిక్షణాలయం మొదలైంది. అప్పుడు ఫిన్లండ్ రష్యా జార్ చక్రవర్తి ఏలుబడిలో ఉంది. చదువుకున్నవాళ్ల భాష స్వీడిష్. ఊళ్లో జనం మాట్లాడే ఫిన్నిష్‌లో పంతుళ్లను తయారుచేసే మొదటి శిక్షణాలయం ఇదే. పెట్టినాయన ఊనో సిగ్నేయుస్, ఒక పాస్టరు. పడుచుతనంలో అలాస్కాలో, రష్యన్ల వలసలో ఐదేళ్లు మతబోధకుడిగా పనిచేసి వచ్చారు. తర్వాత యూరప్ అంతా తిరిగి బళ్లు చూశారు. పుస్తకం ఒక్కటే చదివితే చదువు కాదు, చెయ్యి కూడా నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. చెక్కపని, కుట్టుపని, తోటపని పాఠాల్లో చేరాయి. మగవాళ్లతో పాటు ఆడవాళ్లకూ మొదటి ఏడే ప్రవేశం ఇచ్చారు, విభాగాలు వేరుగా నడిపారు. ఆ మొదటి బృందంలో చేరిన ఒకమ్మాయి పేరు మిన్నా కాంట్. చదువు మధ్యలోనే ఆ శిక్షణాలయంలోని ఉపాధ్యాయుణ్ణే పెళ్లి చేసుకుని మానేసింది. ఏడుగురు పిల్లల తల్లయింది. ఫిన్నిష్ నాటక రచనలో పెద్ద పేరు ఆమెది. ఈనాటికీ ఆమె పుట్టినరోజైన మార్చి 19న ఆ దేశంలో జెండా ఎగరేస్తారు.

మొదట ఆ శిక్షణాలయం ఊళ్లో అద్దె గదుల్లో నడిచింది. 1880 ప్రాంతాల్లో ఊరి పక్క గుట్ట మీద సొంత భవనాలు లేచాయి. కాన్‌స్టాంటిన్ కిసెలెఫ్ అనే ఆర్కిటెక్టు గీసిన ఎర్ర ఇటుక భవనాలు. ఒకే మహా సౌధం కట్టి గొప్ప చాటుకోలేదు. చెట్ల మధ్య విడివిడిగా భవనాలు కట్టారు. తరగతులకు ఒకటి, చేతిపనికి ఒకటి, పిల్లల మోడల్ స్కూలుకు చోటు. శిక్షణార్థి పొద్దున ఒక భవనంలో విన్నది, చెట్ల కింద నుంచి నడిచి వెళ్లి ఇంకో భవనంలో పిల్లల ముందు చెప్పి చూడాలి. నేను చెబుతున్న రాకపోకలు అక్కడ అక్షరాలా కాలిబాటలే. 1905లో అదే గుట్ట మీద మరో భవనం లేచింది. దాన్ని గీసిన ఇర్యో బ్లూమ్‌స్టెడ్ ఆ శిక్షణాలయంలోనే అధ్యాపకుడు. రోజూ పాఠం చెప్పే మనిషి చేత్తోనే అక్కడి భవనం ప్లాను పడిందన్నమాట.

1934లో ఆ శిక్షణాలయం విద్యాశాస్త్ర కళాశాల అయింది. స్థలం చాలలేదు. ఇలాంటి సమయంలోనే పాత భవనాలకు గండం. కొత్తది కట్టాలంటే పాతది కూల్చాలన్నది అన్ని దేశాల్లోనూ కాంట్రాక్టర్ల మొదటి సలహా. 1951లో పోటీ పెడితే ఆల్వార్ ఆల్టో గెలిచారు. అప్పటికే ప్రపంచం ఎరిగిన ఆర్కిటెక్టు, చిన్నప్పుడు ఆ ఊళ్లోనే చదువుకున్నారు. ఆయన పాత భవనాల వరుసను అలాగే ఉంచారు. మధ్యలో ఆటస్థలం పెట్టి, దాని చుట్టూ కొత్త భవనాలు తిప్పారు. కొత్తవాటికీ ఎర్ర ఇటుకే వాడారు. అయితే పాతవాటిని అనుకరించలేదు. కిసెలెఫ్ భవనం కిసెలెఫ్‌దే, ఆల్టో భవనం ఆల్టోదే అని చూడగానే తెలుస్తుంది. ఆల్టో కట్టినవాటిలో మళ్లీ పిల్లల బడి ఒకటుంది, శిక్షణార్థులు పాఠం చెప్పి చూసే బడి. అందరూ మెచ్చుకునేది ఆల్టో ఇటుక పనిని. నాకు మాత్రం ఈ బడే ముఖ్యం. డెబ్బై ఏళ్ల తర్వాత, అంత పెద్ద విస్తరణలో కూడా, జతను విడదీయలేదు. 1966లో అది విశ్వవిద్యాలయం అయింది. పాత ఇటుక భవనాల్లో ఇప్పుడు వేర్వేరు శాఖలున్నాయి. టీచర్ల చదువు ఆ గుట్ట దగ్గరే సాగుతోంది. ఆ గుట్టనంతటినీ జాతీయ స్థాయిలో విలువైన వారసత్వ పరిసరంగా ఆ దేశం గుర్తించింది. ఒక్క భవనాన్ని కాదు, పరిసరాన్ని. చెట్లు, బాటలు, ఆటస్థలం అన్నీ కలిపి.

ఇక మన దగ్గరికి వద్దాం. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థ, వచ్చింది. చాలాచోట్ల పాత ట్రైనింగ్ స్కూలే బోర్డు మార్చుకుని డైట్ అయింది. కొన్నిచోట్ల డైట్ ఊరి బయట కొత్త భవనంలోకి వెళ్లిపోయి, పాత భవనం ఏదో ఆఫీసుకో, పరీక్షల గోదాముకో మిగిలింది. మోడల్ స్కూలు ఇంకెవరి పరిధిలోకో పోయింది. అక్కడే జత విడిపోయింది. శిక్షణార్థులు ప్రాక్టీసు కోసం ఆటో ఎక్కి ఊరవతలి బడికి వెళతారు. లెక్చరరు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవడం తగ్గుతుంది, లెసన్ ప్లాన్ మీద సంతకం మాత్రం పడుతుంది.

భవనానికి వచ్చే రోగం ఇంకోటి. పాత గోడ కట్టింది ఇటుకతో, గానుగ సున్నంతో. ఆ సున్నానికి ఒక గుణం ఉంది. నేలలోంచి గోడలోకి ఎక్కిన చెమ్మను బయటికి వదిలేస్తుంది. ఎప్పుడో పెచ్చు ఊడుతుంది. మరమ్మతు నిధులు వస్తాయి. పని పట్టినవాళ్లు దాని మీద సిమెంటు పూస్తారు, పైన ప్లాస్టిక్ పెయింటు కొడతారు. మొదటి ఏడు బ్రహ్మాండంగా ఉంటుంది. చెమ్మకు బయటికి దారి మూసుకుపోయింది కదా, అది లోపలే ఇంకా పైకి పాకుతుంది. నాలుగేళ్లకు సిమెంటు పెళ్లలు పెళ్లలుగా రాలి, దానితో పాటు పాత ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. చేత్తో రాస్తే ఇటుక పొడి అరచేతికి అంటుతుంది. అప్పుడు ఇంజనీరు వచ్చి చూసి, భవనం శిథిలావస్థలో ఉందని రాసేస్తారు. గోడను దెబ్బతీసింది సిమెంటు, పేరు పడింది వయసు మీద.

పైకప్పుదీ అదే కథ. మద్రాసు టెర్రస్ అని పాత మేస్త్రీలు చెప్పే కప్పు ఉంది. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం వేసి దిమ్మిస చేసి కట్టేది. దాని ప్రాణం దూలం చివర్లలో, అవి గోడలోకి వెళ్లే చోట ఉంటుంది. వాన గొట్టం పూడిపోయి నీళ్లు గోడలోకి దిగితే, మొదట పుచ్చేది ఆ చివర. ఏటా వానలకు ముందు గొట్టాలు శుభ్రం చేయించడం ఒక్కటే కప్పుకు ఎన్నో ఏళ్ల ఆయుష్షు పోస్తుంది. దానికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు, ఒక మనిషి, ఒక నిచ్చెన చాలు.

చట్టం కాపాడదా అని మీరు అడగొచ్చు. కేంద్ర పురావస్తు చట్టం 1958 నాటిది. నూరేళ్లు దాటిన కట్టడాన్ని జాతీయ ప్రాధాన్యం ఉన్నదిగా ప్రకటించే అధికారం దానిలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టం ఉంది. తెలంగాణ 2017లో వారసత్వ చట్టం చేసుకుంది. కానీ ప్రకటించేవరకు ఏ చట్టమూ పనిచేయదు. రోజూ గంట కొడుతూ, హాజరు పిలుస్తూ ఉన్న బడి భవనం స్మారకంలా కనపడదు కాబట్టి, జాబితా వేసేవాళ్ల కళ్లు దాని మీద పడవు. వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ లాంటి సంస్థలు జాబితాల్లో చేర్చినా, వాటికి కూల్చివేత ఆపే అధికారం లేదు. చివరికి ఆ భవనం బతుకు హెడ్‌మాస్టరుగారో, ప్రిన్సిపాలుగారో, ఒక జూనియర్ ఇంజనీరో తీసుకునే నిర్ణయం మీద ఆధారపడుతుంది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ఎత్తైన మెట్లున్న పాత భవనంలోకి చక్రాల కుర్చీ ఎలా వెళుతుంది? మరుగుదొడ్లు లేని చోట అమ్మాయిలు ఎలా చదువుతారు? పాత వైరింగు మీద కంప్యూటర్లు ఎలా నడుస్తాయి? ఇవి తోసిపుచ్చాల్సిన ప్రశ్నలు కావు. ర్యాంపు కట్టాలి, మరుగుదొడ్లు కట్టాలి, వైరింగు మార్చాలి. యువాస్క్యులా చెప్పే పాఠం కూడా అదే. అవసరం వచ్చినప్పుడు కొత్తది పక్కన కట్టుకోండి, పాతదాన్ని పనిలో ఉంచండి. మనుషులు తిరిగే భవనంలో కప్పు కారితే మొదటి వానకే కనపడుతుంది. తాళం వేసిన భవనంలో అది కూలిన తర్వాతే కనపడుతుంది.

భవనంతో పాటు కాగితాలు కూడా ఉంటాయి. అడ్మిషను రిజిస్టర్లు, క్రిటిసిజం లెసన్ రికార్డులు, ఇన్‌స్పెక్షను రిపోర్టులు, శిక్షణార్థులు చేసిన చార్టులు, బేసిక్ ట్రైనింగ్ రోజుల్లో నూలు వడికిన తకిలీలు. ఏ కులం నుంచి, ఏ ఊరి నుంచి, ఎంతమంది ఆడపిల్లలు ఏ ఏడు టీచర్లయ్యారన్నది ఆ రిజిస్టర్లలో ఉంది. మన సాంఘిక చరిత్రకు అంతకంటే నికరమైన ఆధారం అరుదు. పాత ఇనప బీరువా ఖాళీ చేయిద్దామని ఎవరికైనా అనిపించిన రోజున అవన్నీ కిలోల లెక్కన పోతాయి.

కాబట్టి ఈ ప్రసంగం వింటున్న రిటైర్డ్ మేష్టర్లకు, టీచరమ్మలకు నా మనవి. మీరు ట్రైనింగ్ అయిన చోటికి ఒకసారి వెళ్లండి. ఏ గదిలో ఏం జరిగేదో, మోడల్ స్కూలు ఎటు ఉండేదో, తోట ఎక్కడ వేసేవారో ఇప్పటి విద్యార్థుల చేత కాగితం మీద గీయించండి. మీ మాటలు ఫోనులో రికార్డు చేయించండి. ఆ పని మీ తరం తర్వాత ఎవరూ చేయలేరు. అధికారంలో ఉన్నవారికి ఇంకో మనవి. మరమ్మతుకు డబ్బు మంజూరు చేసేటప్పుడు, సున్నం పని తెలిసిన మేస్త్రీ ఉన్నాడా అని అడగండి. దానికంటే ముందు, పక్కన పిల్లల బడి నడుస్తోందా అని అడగండి. నడవకపోతే మొదటి ఖర్చు దాని మీదే పెట్టాలి. రంగుల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.